ఐదు పేర్ల పేజీ

కొత్తపేట,
10 సెప్టెంబరు 2012

తమ్ముడు జేమ్సుకు అప్ప రాస్తున్నది.

ఒక ఉదయం గుర్తు చేస్తాను. 1978 అక్టోబరు, ఆదివారం. నాన్న గ్యాంగు పనికి చీకటితోనే వెళ్లిపోయాడు. రైలు పట్టాలకు ఆదివారం లేదు కదా. అమ్మ పొగకు కళ్లు తుడుచుకుంటూ అంబలి కలుపుతోంది. కోళ్లు నూకల కోసం నా కాళ్లకు అడ్డం పడుతున్నాయి. నువ్వు అరుగు మీద నిలబడి గంజి పెట్టిన తెల్ల పంచె చుట్టుకోవడం, అది జారిపోవడం, మళ్లీ చుట్టుకోవడం. గోడవతల నుంచి లక్ష్మణమ్మ పిన్ని చూసి, "ఒసే స్వర్ణా, తమ్ముడికి బాప్తిస్మమేటే, పెల్లేటే?" అంది. చివరికి నేనే కట్టి, పైన నాన్న పాత బెల్టు బిగించాను. తలకు నూనె రాసి దువ్వాను. మునిగేవాడికి దువ్వెన ఎందుకన్నావు. నీకప్పుడు పదహారేళ్లు. ఆ రోజు మునగవలసిన ఆరుగురూ పాస్టరుగారి వెనక చంపావతి ఏటి వైపు నడిచారు. అమ్మా నేనూ రాలేదు, మధ్యాహ్నం నలభై మందికి భోజనం మన ఇంట్లోనే. ఎనిమిదింటికి పెద్ద వాన. తొమ్మిదిన్నరకు నువ్వు నిలువునా తడిసి గుమ్మంలో నిలబడ్డావు. అమ్మ నిన్ను కావలించుకుని తనూ తడిసింది.

ఎందుకు రాస్తున్నానంటే, మన బేతనియ బాప్టిస్టు సంఘానికి ఈ డిసెంబరుతో నూరేళ్లు పూర్తవుతాయి. చిన్న పుస్తకం వేస్తున్నారు. సంఘ చరిత్ర రాసే పని కృపానిధి పాస్టరుగారు నాకు అప్పగించారు. మీ బావ థామస్ నవ్వుతున్నాడు. "మీ అప్ప రాస్తే నూరేళ్లూ పోస్టుకార్డులో సరిపోతాయి" అంటాడు.

నరసింగరావు మాస్టారు ట్రంకుపెట్టె తెరిచి బాప్తిస్మపు పుస్తకం ఇచ్చారు. నలభై ఏళ్లు సంఘ కార్యదర్శిగా ఉన్నారు కదా, తాళం ఇంకా ఆయన దగ్గరే. 1912లో మన ముత్తాత ఎర్రన్న మొదలు అందరి పేర్లూ ఉన్నాయి. 1978 పేజీలో మాత్రం ఐదు పేర్లే. నీది లేదు. ఎక్కించడం మరిచి ఉంటారు. నీకు గుర్తున్నది రాయి. ఎన్నోవాడివిగా దిగావు, ఏ పాట పాడారు, ఎవరు చూశారు. ఫోనులో వద్దు. ఫోనులో నువ్వు కబుర్లు చెప్పి దాటేస్తావు.

పండుగ డిసెంబరు రెండున. నెలలో మొదటి ఆదివారం కాబట్టి, రొట్టె పంచే ప్రభు బల్ల కూడా ఉంటుంది. నాన్న డీకనుగా ఇరవై ఏళ్లు రొట్టె పళ్లెం పట్టుకున్నాడు, ఆ రోజు నువ్వు పట్టుకోవాలని పాస్టరుగారి కోరిక. సెలవు పెట్టుకో.

తెల్లవారుజామున ఐదింటికి నీ పేరు దేవుని ముందు పెట్టే
పెద్దప్ప

*

టిట్లాగఢ్,
22 సెప్టెంబరు 2012

పెద్దప్పకు గూడ్సుబండి వెనక పెట్టెలోంచి తమ్ముడి వందనాలు.

ఈ ఉత్తరం నిజంగా గార్డు పెట్టెలోనే రాస్తున్నాను. సిగ్నలు లేక బండి గంటన్నరగా ఆగిపోయింది. నా అక్షరాలు వంకరగా ఉంటే అది నా తప్పు. బండి కదలడం లేదు మరి.

చరిత్ర రాసే పని నీకివ్వడం మంచిదే. నాకిచ్చి ఉంటే ముత్తాత కథకే పుస్తకం అయిపోయేది. తాత చెప్పినట్టు రాయి, వదలకు. మిషను దొరసాని ఎడ్లబండి చంపావతి ఇసకలో దిగబడిపోయింది. ఎర్రన్నా ఇంకో ముగ్గురూ మధ్యాహ్నం దాకా తోసి ఒడ్డుకెక్కించారు. కూలి అడిగితే దొరసాని దగ్గర చిల్లర లేదు. చెట్టు కింద కూచోబెట్టి ఒక పాట నేర్పింది. "కూలి బాకీ ఉండిపోనాది, అందుకే మల్లీ వారం ఎల్లినాము" అనేవాడట ముత్తాత. ఆ నలుగురే మొదటి సంఘం. బాప్తిస్మం రోజున తలపాగా తియ్యమంటే ముత్తాత ఒప్పుకోలేదు. తీసినట్టే తీసి నడుముకు కట్టుకుని మునిగాడు. తలపాగాకి కూడా బాప్తిస్మం అయిపోయిందని నాన్న నవ్వేవాడు.

పిడికెడు బియ్యం గురించి కూడా రాయి. ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి ఇంట్లోనూ ఒక పిడికెడు తీసి కుండలో వేసేవారు. శనివారం, ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిలు ఉమన్ వచ్చి పట్టుకెళ్లేది. ఆ బియ్యంతోనే కదా గుడి రాతిగోడలు లేచాయి. అమ్మ పిడికిలి చిన్నదని నానమ్మ తగువు పెట్టుకుంది, "దేవుడికి పిసినారితనం సూపిస్తావేటే?" అని. అది కూడా చరిత్రే. అమ్మ కోప్పడుతుందనుకుంటే తీసెయ్యి.

ఇక డిసెంబరు రెండు. ఆ రోజు డ్యూటీ పడుతుందప్పా. మొదటి ఆదివారాలు నాకు ఎప్పుడూ పడతాయి. మూడో ఆదివారం అయితే ఎగిరొచ్చేవాణ్ణి. రొట్టె పళ్లెం ఇంకెవరికైనా ఇయ్యండి. నా చేతులు జెండాలు పట్టుకుని మొద్దుబారాయి.

సిగ్నలు పడింది, ఉంటాను.

మీ
జేమ్సు

*

కొత్తపేట,
1 అక్టోబరు 2012

తమ్ముడికి,

ఉత్తరం అందింది. దొరసాని బండి, తలపాగా చరిత్రలో చేర్చాను. పిడికిలి సంగతి అమ్మకు చదివి వినిపించాను. "మీ నానమ్మ పిడికిలి పెద్దదేగాని, సగం సందుల్లోంచి కారిపోయీది. అది కూడా రాయమను" అంది.

నువ్వు నాలుగు పేజీలు రాశావు. అడిగినదానికి ఒక్క వాక్యం లేదు.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక నరసింగరావు మాస్టారిని అడిగాను. నెమ్మదిగానే అడిగాననుకుంటాను. "మాస్టారూ, 1978లో ఒక పేరు మరిచినట్టున్నారు" అన్నాను. ఆయనకు ఎనభై రెండేళ్లు. చేతికర్ర నేలకు గట్టిగా కొట్టారు.

"మరిసినానా? నలబై ఏల్లు ఆ పుస్తకం నా సేతిలో ఉన్నాది. మునిగినోల్లని రాసినాను. మునగనోల్లని రాయనేదు."

"మా తమ్ముడు మునిగాడు కదండీ?"

"నాను సూసినోల్లనే రాస్తాను తల్లీ" అని వెళ్లిపోయారు.

అమ్మ ఊరుకోలేదు. "అదంతా హార్మోనీ పగ" అంది. నీకు గుర్తుందో లేదో, 1977లో నాన్న గుడికి కాలి హార్మోనియం తెచ్చాడు. డప్పు చాలునని మాస్టారన్నారు. ఇద్దరికీ రెండేళ్లు మాటల్లేవు. ఆ కోపంతోనే నీ పేరు వదిలేశారని అమ్మ. నాకూ కొంచెం అలాగే తోచింది. అలా తోచినందుకు ప్రార్థన చేసుకున్నాను. అయినా తోస్తూనే ఉంది.

మరొకటి. పండుగకు రానంటున్నది డ్యూటీ వల్లనా, బావ వల్లనా? మే నెలలో వచ్చినప్పుడు నీ పాట విని, గూడ్సుబండి బ్రేకు వేసినట్టుందన్నాడు. మనసులో పెట్టుకున్నావేమోనని అడగమన్నాడు. "ఆడి పాట బాగుందని సెప్పీ, అబద్దం నా మీద ఏసుకో" అని కూడా అన్నాడు.

జవాబు సూటిగా రాయి.

అప్ప స్వర్ణ

*

టిట్లాగఢ్,
9 అక్టోబరు 2012

పెద్దప్పకు నమస్కారం, వందనం, రెండూ.

బావ మీద నాకేమీ కోపం లేదు. ఆయన అన్నది నిజమే. నేను పాడితే షీబా కూడా టీవీ సౌండు పెంచుతుంది. పెళ్లయి ఇరవై నాలుగేళ్లయింది, ఆవిడకి అలవాటైపోయింది.

కానీ అప్పా, మాస్టారి జోలికి వెళ్లకండి. పెద్దాయన. నాకు ఎక్కాలు నేర్పినవాడు. ఆయన మీద నా మనసులో ఏమీ లేదు, ఎప్పుడూ లేదు. ఒక పేరు ఉంటేనేం, లేకపోతేనేం? ఆ ఏడు "కొందరు యౌవనులు బాప్తిస్మము పొందిరి" అని గ్రాంథికంలో రాసి పడెయ్యి. గ్రాంథికంలో రాస్తే ఎవడూ లెక్కపెట్టడు. లేదంటే ఆ పేజీ మొత్తం వదిలేసి గంట కథ రాయి. విజయనగరం నుంచి గంట తెస్తూ దారిలో మోగించుకుంటూ వస్తే, బడిగంటనుకుని మూడు ఊళ్ల పిల్లలు బళ్లోకి పరిగెత్తారట. అది బాగుంటుంది.

ఇక్కడ ఎండలు తగ్గాయి. షీబా మోకాలి నొప్పి తగ్గలేదు. నేను బాగున్నాను. మాస్టారిని మాత్రం ఏమీ అనకండి. ఇది రెండోసారి రాస్తున్నాను.

తమ్ముడు
జేమ్సు

*

కొత్తపేట,
22 అక్టోబరు 2012

జేమ్సుకు,

నీ మంచితనం సంఘం అంతా తెలుసుకుంది. నేను అనుకోని విధంగా.

పద్నాలుగో తేదీ ఆదివారం పుస్తకం కమిటీ కూచుంది. నీ ఉత్తరంలో మాస్టారి గురించి రాసిన భాగం చదివాను, గొడవ చల్లారుతుందని. దానమ్మ పిన్ని కళ్లు ఒత్తుకుంది. "సూడండి, పేరు కొట్టీసినోడిని కూడా ఆ బిడ్డ ఎలా సెమించినాడో" అంది. పాస్టరుగారు వచ్చే ఆదివారం క్షమాపణ మీద ప్రసంగం చేస్తారట. ఉదాహరణ నువ్వే.

తర్వాత తీర్మానం చేశారు. 1978 పేజీలో ఆరో పేరుగా నీది రాయాలని, పాస్టరుగారు, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలని. నవంబరు పదకొండున. సాక్షుల్లో నేనొకదాన్ని.

మాస్టారు అంతా విన్నారు. లేచి, జేబులోంచి ట్రంకుపెట్టె తాళం తీసి బల్ల మీద పెట్టారు. "నా పుస్తకంలో నా సేతిరాత కాక ఇంకోలి సేతిరాత పడితే, అది నా పుస్తకం కాదు" అన్నారు. వెళ్లిపోయారు. నిన్న ఆరాధనకు రాలేదు. నలభై ఏళ్లలో ఆయన కుర్చీ ఖాళీగా ఉండడం నేను చూడలేదు. కోడలు చెప్పింది, సరిగా తినడం లేదట.

నాకు మనసు కుదురుగా లేదు. సాక్షిగా సంతకం పెట్టాలంటే చూసి ఉండాలి. నేను చూసింది నువ్వు తడిసి రావడం. మునగడం కాదు. అందుకని నీ నోటి మాట కావాలి. నేను మునిగాను అని ఒక్క వాక్యం రాయి, చాలు. నీ మాట మీద సంతకం పెడతాను.

ఇంకొకటి గమనించాను. తప్పయితే దిద్దు. ముప్పై నాలుగేళ్లలో నువ్వు మొదటి ఆదివారం ఒక్కసారి కూడా ఊళ్లో లేవు.

అప్ప

*

టిట్లాగఢ్,
29 అక్టోబరు 2012

అప్పా,

ఆ వాక్యం రాయలేను. నేను మునగలేదు.

రాసేశాను. ఇప్పుడు మిగతాది చెప్పనీ. ఈసారి కబుర్లు లేవు.

నాకు నీళ్లంటే భయమని నీకు తెలుసు. తొమ్మిదేళ్లప్పుడు ఏటి మడుగులో పడితే లక్ష్మణమ్మ పిన్ని జుట్టు పట్టి లాగింది. ఇప్పటికీ చెంబుతోనే స్నానం. షవరు కింద తల పెట్టను. మన దగ్గర పసిబిడ్డలకు బాప్తిస్మం లేదు. తెలివి వచ్చి, అడిగి, దిగాలి. నేను అడిగానుగా. నాన్న ఆ ఏడంతా నా కోసం ప్రార్థన చేయించాడు. దిగాలని నాకూ ఉంది. మనసుకి ఉంది. ముక్కుకి లేదు.

లైనులో ఆఖరికి నిలబడ్డాను. బొబ్బిలి నుంచి వచ్చిన ముసలి పాస్టరుగారు ఒక్కొక్కళ్లనీ ముంచుతున్నారు. ఒడ్డున మాస్టారు గొడుగు కింద కూచుని, ఒకడు నీళ్లలోంచి లేవగానే ఒక పేరు రాస్తున్నారు. ఐదోవాడు లేచాడు. నేను మోకాలి లోతుకు దిగాను. అప్పుడు వచ్చింది వాన. నువ్వు చెప్పిన వానే. ఒడ్డున ఉన్నవాళ్లంతా చాపలు నెత్తిన పెట్టుకుని తోటలోకి పరుగు. పాస్టరుగారి కళ్లద్దాల మీద నీళ్లు. ఎదురుగా ఆరుగురం తడిసి నిలబడి ఉన్నాం. ఆయన అడిగారు, "అందరూ అయ్యారా నాయనా?"

"అయిపోనాది అయ్యగారూ" అన్నాను.

అంతే అప్పా. రెండు మాటలు. ఆ రెండు మాటలూ ముప్పై నాలుగేళ్లుగా నాతో డ్యూటీ చేస్తున్నాయి.

ఇంటికి వస్తూ చెప్పేద్దామనే అనుకున్నాను. గుమ్మంలో అమ్మ కావలించుకుంది. సాయంత్రం నాన్న వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు. ఇంక ఎలా చెప్పను? ఆ వారం జ్వరం వచ్చింది, నిజం జ్వరమే. నెల తిరక్కుండా రైల్వేలో రోజుకూలీగా వెళ్లిపోయాను.

మునగనివాడు ప్రభు బల్లలో చెయ్యి వెయ్యకూడదు. అది నేను తప్పలేదు. ఒక్కసారి కూడా రొట్టె ముట్టలేదు. అందుకే ప్రతి మొదటి ఆదివారం డ్యూటీ అడిగి వేయించుకున్నాను. ఇక్కడ హిందూ గార్డులు కూడా నన్ను మెచ్చుకుంటారు, "జేమ్స్‌బాబు ఆదివారం కూడా వదులుకుంటాడు" అని. నేను వదులుకున్నది ఏమిటో వాళ్లకు తెలీదు.

మాస్టారు రాసిందే నిజం. నూరేళ్ల పుస్తకంలో ఆ పేజీ అంత సరైన పేజీ ఇంకోటి ఉండదు. నా మూలంగా ఆయన తిండి మానేశాడంటే నాకు ముద్ద దిగడం లేదు. ఈ ఉత్తరం ఎవరికి చూపించాలో వాళ్లకు చూపించు.

జేమ్సు

*

కొత్తపేట,
5 నవంబరు 2012

తమ్ముడూ,

చదివాను. మళ్లీ చదివాను. కోపం రాలేదని రాస్తే అబద్ధం. ఎక్కువ కోపం నా మీద. అడగవలసినది నిన్ను, అడిగింది మాస్టారిని.

అదే రోజు ఆయన ఇంటికి వెళ్లాను. గేదెకు కుడితి పెడుతున్నారు. ఉత్తరం చేతికిచ్చాను. కళ్లజోడు లేదన్నారు. నేనే చదివాను. గేదె తాగడం అయిపోయింది, నేను చదవడం అయిపోలేదు. ఆఖరికి క్షమించమని అడిగాను.

ఆయన కుడితి గోలెం పక్కకు జరిపారు. తర్వాత ఇలా అన్నారు.

"ఆ దినం ఆరోవోడిని నాను సూడనేదు. వానలో మునిగినాడేమో అనుకున్నాను. మీ నాన్నని అడుగుదామనుకున్నాను. ఆయనతోటి మాటల్లేవు. మరుసటేడు మాటలు కలిసినాయి, అప్పుడు అడగడానికి సిగ్గేసింది. తప్పు నాది కూడా ఉన్నాది తల్లీ."

కర్ర తీసుకుని నాతోనే గుడికి వచ్చారు. పాస్టరుగారికి చెప్పాము. తీర్మానం ఆగింది. క్షమాపణ ప్రసంగం మాత్రం అప్పటికే అయిపోయింది. బాగానే చెప్పారు.

అమ్మకు ఇంకా చెప్పలేదు. చెప్పమంటావా? నీ మాట లేకుండా చెప్పను.

ముద్ద తిను.

అప్ప

*

టిట్లాగఢ్,
12 నవంబరు 2012

అప్పకు,

నీ ఉత్తరం వచ్చిన రోజు రెండు పూటలా తిన్నాను.

షీబాకి చెప్పేశాను. పెద్ద తుఫాను వస్తుందనుకుని, ముందుగా బియ్యం బస్తా ఇంట్లో వేయించి మరీ చెప్పాను. విన్నది. లేచి వెళ్లి గోడ వైపు తిరిగి పడుకుంది. ఏడుస్తోందనుకున్నాను. దగ్గరికి వెళ్తే నవ్వుతోంది. "ఇరవై నాలుగేల్లు పెతీ మొదటి ఆదివారం మాయమైపోతన్నావు. రాయగడలో ఎవతో ఉన్నాదనుకున్నాను. రెండుసార్లు నీ టిఫిన్ క్యారేజీ కూడా వాసన సూసినాను" అంది. తర్వాత మాత్రం ఏడ్చింది. ఇన్నేళ్లు గుడిలో ఆ పళ్లెం తన దగ్గరికి వచ్చినప్పుడు పక్క కుర్చీ ఖాళీగా ఉండేదట. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "ఇప్పుడేటి సేస్తావు?" అని అడిగింది.

అమ్మకు చెప్పు. నాన్నకు చెప్పే అవకాశం పోయింది, అమ్మకైనా చెప్పాలి. ఆవిడ తిట్టేవి తిట్టినట్టు రాయి, మెత్తగా చెయ్యకు.

నవంబరు ఆఖరు వారం నుంచి సెలవు అడిగాను, ఇచ్చారు. కానీ రానా, వద్దా? వస్తే పండుగలో అందరి కళ్లూ నా మీదే ఉంటాయి. ఏభై ఏళ్లవాడు పిల్లల వెనక లైనులో నిలబడితే నవ్వుతారు. నిలబడకపోతే గుసగుసలు పోతారు. ఇంకో సంగతి కూడా రాసేస్తున్నాను. భయం పోలేదు. నీళ్లు నాకు ఇప్పటికీ నీళ్లే.

నువ్వూ, అమ్మా, బావా కూచుని ఏది నిర్ణయిస్తే అది చేస్తాను. మునగమంటే మునుగుతాను. రావద్దంటే రాను.

మీ
జేమ్సు

*

కొత్తపేట,
19 నవంబరు 2012

జేమ్సుకు, షీబాకు,

నిన్న సాయంత్రం మన ఇంట్లో కూచున్నాము. అమ్మ, మీ బావ, నేను. పాస్టరుగారిని రమ్మన్నాను. మాస్టారు తమంతట తామే వచ్చారు. టీ పెట్టి, నీ ఉత్తరాలు రెండూ అమ్మకు చదివాను. తిట్లు మెత్తగా చెయ్యొద్దన్నావు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"అయితే ఆ దినం నాను కావిలించుకుని ఏడిసినది వాననీల్లకేటి? ఓరి నీ మొకం మండ! నలబై మందికి కోడికూర వండినామురా!" అంది. కొంతసేపయ్యాక, "మీ నాన్న బతికుంటే బెల్టు తీద్దుడు" అంది. ఇంకాసేపటికి, "తియ్యడులే. ఆయనకి కూడా నీల్లంటే బయమే" అంది. నాన్న సంగతి మాకెవరికీ తెలియదు. నీకు తెలుసా?

మీ బావ అన్నది కూడా రాస్తున్నాను. "గార్డు కదా, ముందున్న ఐదు పెట్టెలకీ పచ్చజెండా ఊపీసి, ఆడు ప్లాట్‌ఫారం మీద ఉండిపోనాడు." మాస్టారికి టీ పొలమారింది.

తర్వాత అసలు మాటకు వచ్చాము. శనివారం, డిసెంబరు ఒకటిన, ఉదయం ఏడింటికి చంపావతిలో బాప్తిస్మాలు ఉన్నాయి. నలుగురు యౌవనులు. అమ్మ పట్టు ఒకటే. "ఆడిని శుక్రవారమే దింపండి, సీకటితో తీసుకెల్లి ముంచీసి తెచ్చీండి, ఎవుడికీ తెలదు" అంది. మీ బావ సరేనన్నాడు, తాను పట్టుకుంటానని కూడా అన్నాడు. పాస్టరుగారు నా వైపు చూశారు.

నేను ఒప్పుకోలేదు. మేం నిర్ణయిస్తే నువ్వు చేస్తానన్నావు. తమ్ముడూ, ఈ ఒక్క పనీ ఒకరు చెబితే ఇంకొకరు చేసేది కాదు. అందుకే కదా మనం పసిబిడ్డలను ముంచము. మేము ముంచమన్నామని మునిగితే, నువ్వు ఏభై ఏళ్ల పసిబిడ్డవి. ఆ మాటే చెప్పాను. చీకట్లో చేస్తే అది ఇంకో "అయిపోనాది" అవుతుందని కూడా చెప్పాను.

చివరికి నిర్ణయించినవి ఇవి.

చరిత్రలో ఐదు పేర్లే అచ్చువేస్తాము. వాక్యం రాసేశాను, మాస్టారికి చూపించాను. వివరణ ఏమీ లేదు. ట్రంకుపెట్టె తాళం మళ్లీ ఆయన జేబులోనే ఉంది. పండుగనాడు రొట్టె పళ్లెం ఆయనే పట్టుకుంటారు. చెయ్యి వణుకుతుందన్నారు. వణికినా పరవాలేదన్నాము.

నువ్వూ షీబా పండుగకు రావాలి. ఇది మాత్రం అప్పగా ఆజ్ఞ. గురువారం రాత్రికే రండి. ఆదివారం నువ్వు మాతోనే కూచుంటావు. పళ్లెం నీ ముందు నుంచి వెళ్లిపోయినా ఎవరూ తల తిప్పరు. కమిటీకి జరిగింది పాస్టరుగారు చెప్పారు. ఎవరూ నవ్వలేదు. దానమ్మ పిన్ని మాత్రం, మొన్న కార్చిన కన్నీళ్లు వెనక్కి ఇమ్మంది.

శనివారం నలుగురూ అయ్యాక పాస్టరుగారు నీళ్లలోనే ఆగుతారు. "ఇంకెవరైనా ఉన్నారా?" అని అడుగుతారు. ఒక పాట పూర్తిగా పాడేదాకా ఆగుతారు, అన్ని చరణాలూ. వాన వచ్చినా ఒడ్డున ఎవరూ పరుగెత్తకూడదని సంఘానికి చెబుతారు. మీ బావకు ఈత వచ్చు కాబట్టి పదడుగుల దిగువన నడుము లోతులో నిలబడతాడు, పిల్లల కోసమన్నట్టు. పాట అయిపోతే అందరం బయటికి వచ్చేస్తాము. నువ్వు దిగినా దిగకపోయినా ఇంటికి కలిసే వస్తాము.

ఎవరూ నీ పేరు ఎత్తకూడదు. నీ వైపు చూడకూడదు. ఇది నా మాట, అందరూ ఒప్పుకున్నారు. అమ్మ ఒప్పుకోలేదు. ఆటోలో ఏటి దాకా వస్తానంది. వచ్చి, ఒడ్డు మీద నుంచి ఒక్కసారి పిలుస్తానంది. "కొడుకుని పిలవడానికి కూడా నీ కమిటీ ఏటే?" అంది. ఒక్కసారి కూడా వద్దన్నాను. టీ చల్లారింది. మళ్లీ పెట్టాను. అదీ చల్లారింది.

ఎనిమిది దాటాక అమ్మ ఒప్పుకుంది. పిలవదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడతానంది. అందరం ప్రార్థన చేసుకుని లేచాము.

అప్ప స్వర్ణ